నాకు థెరపీ అవసరమా, కాదా?

కూకట్‌పల్లి_కుర్రాడు: కొన్ని నెలలుగా నిద్ర లేదు. మేనేజర్ పేరు ఫోన్లో కనిపిస్తే గుండె దడ. థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మలే. థెరపిస్టుని కలవమని మా డాక్టరుగారు అన్నారు. గంటకి పదిహేను వందలట. నిజంగా అవసరమంటారా?

రిటైర్డ్_మాస్టారు: గంటసేపు మాట్లాడ్డానికి పదిహేను వందలా! మా రోజుల్లో అరుగు మీద కూర్చుంటే ఊరంతా ఊరికే వినేది. పొద్దున్నే నడువు నాయనా.

సుజాత_వైజాగ్: విని, సాయంత్రానికి ఊరంతా టముకేసేది కూడా. తమ్ముడూ, నిద్రా పనీ వారాల తరబడి చెడితే వెళ్ళాల్సిందే. సైకియాట్రిస్టు డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్ళకి గుర్తింపిచ్చే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్, అందులో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు. లైఫ్ కోచ్ బోర్డు ఎవరైనా పెట్టేస్తారు.

మిర్చి_బజ్జి: 14416 కి కొట్టు బ్రో. టెలీ మానస్, గవర్నమెంటుది, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడతారు.

రిటైర్డ్_మాస్టారు: అదీ! ఉచితంగా దొరుకుతుంటే పదిహేను వందలు ఎందుకు?

సుజాత_వైజాగ్: ఫోన్లో దారి చూపిస్తారు. సీబీటీ, అంటే ఆలోచనల తీరు మార్చే థెరపీ, అలాంటిది వారం వారం కూర్చుని చేసే పని. బాస్ పిలవగానే నాకు 'ఉద్యోగం పోయింది' అనిపించేది. అది ఒక గడిలో, దానికి ఆధారం పక్క గడిలో రాయించారు. రెండో గడి ఎప్పుడూ ఖాళీయే.

రిటైర్డ్_మాస్టారు: గళ్ళు నింపడానికి పదిహేను వందలు!

పాలమూరు_పిల్ల: అందరికీ పడదు. నేను పోయిన థెరపిస్టు నా మాట పూర్తి కాకముందే 'పెళ్ళి చేసుకో' అన్నడు. మానేసిన. ఏం మారాలె, ఎన్ని వారాలు పడ్తది అని మొదటి రోజే అడుగు. సక్కగ చెప్పకపోతే ఇంకొకరిని చూస్కో.

సుజాత_వైజాగ్: మాస్టారూ, మోకాలికి ఫిజియోథెరపీ అని పోయిన నెల ఇక్కడే రాశారు. దానికి డబ్బు కట్టలేదా?

రిటైర్డ్_మాస్టారు: మోకాలు నొప్పికి నేను మా నాన్నని తప్పుపట్టలేదమ్మా! మా అమ్మాయి బెంగళూరులో ఇలాగే వెళ్ళింది. పండక్కొచ్చి 'ఎంసెట్ ర్యాంకు రాలేదని వేసవంతా నాతో మాట్లాడలేదు నువ్వు' అంది. ఏ తండ్రి కోప్పడడు? ఇంటి గుట్టు ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పడమేంటి?

మిర్చి_బజ్జి: మాస్టారూ, నిజంగానే మాట్లాడలేదా?

రిటైర్డ్_మాస్టారు: అది ఇక్కడ అప్రస్తుతం.

సుజాత_వైజాగ్: అదే ప్రస్తుతం. ఫీజు ఫీజు అంటున్నది ఇందుకన్నమాట. గుట్టంటారా, 2017 మానసిక ఆరోగ్య చట్టమే వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది, ప్రాణం మీదికి రావడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. మీ అమ్మాయి ఊరికి చెప్పుకోలేదు, వచ్చి మిమ్మల్నే అడిగింది. మీరేం చెప్పారు?

కూకట్‌పల్లి_కుర్రాడు: నా నిద్ర సంగతి ఎవరికీ పట్టలేదు. సరే, శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మా నాన్నకి చెప్పాలా?

సుజాత_వైజాగ్: నీ ఇష్టం.

రిటైర్డ్_మాస్టారు: చెప్పు. కోప్పడితే పడనీ.