నార్త్ కరోలినా వీటో ఓటు: పేర్లు బయటపెడితే చాలా, టైమ్ కూడా చెప్పాలా?

కేరీ_శ్రీను: 2019 సెప్టెంబర్ 11 గొడవ ఇక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) విస్తరణ లేదని డెమొక్రాట్ గవర్నర్ రాయ్ కూపర్ బడ్జెట్‌ను వీటో చేశారు. దిగువ సభలో 120 మంది. అందరూ వస్తే వీటోను తోసిపుచ్చడానికి 72 ఓట్లు కావాలి, రిపబ్లికన్లు 65 మందే. ఆ పొద్దున చాలామంది డెమొక్రాట్లు లేనప్పుడు స్పీకర్ టిమ్ మూర్ ఓటింగ్ పెట్టేశారు. 55 ఓట్లతో పని కానిచ్చేశారు. పొద్దున ఓటింగ్ ఉండదని తమకు చెప్పారని ప్రతిపక్ష నేత డారెన్ జాక్సన్ మొత్తుకున్నారు. ఇలాంటి ఓటుకు ముందస్తు నోటీసు తప్పనిసరి చేయాలంటాను.

గోదారోడు: దాచిందేముంది? ఆ అంశం జులై నుంచి ఎజెండాలోనే ఉంది. ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రికార్డులో ఉంది. రాజ్యాంగంలో ఉన్నది 'హాజరై ఓటేసినవారిలో అయిదింట మూడొంతులు' అనే. హాజరై! రానివాడి కోసం సభ ఆగాలా?

వరంగల్ వాసు: పుల్ల పెట్టావు శ్రీనన్నా.

సుజాత_మోరిస్‌విల్: మా తెలుగు సంఘంలోనూ ఇంతే. జనరల్ బాడీ మీటింగ్ భోజనాల తర్వాత అన్నారు. పిల్లల డాన్స్ డ్రెస్సులు సర్ది వచ్చేసరికి బైలాస్ మార్చేసి చప్పట్లు కొడుతున్నారు. మినిట్స్‌లో మాత్రం అన్నీ పద్ధతిగానే ఉన్నాయి.

గోదారోడు: సుజాత గారూ, సంఘం వేరు, శాసనసభ వేరు. ఎమ్మెల్యేకి జీతమిచ్చేది సభకు రమ్మనే.

కేరీ_శ్రీను: మళ్లీ హాజరు దగ్గరికే వస్తావేం? టైమ్ దాచిపెట్టి తర్వాత పేర్లు చూపిస్తే అది పారదర్శకత ఎలా అవుతుంది?

రాలీ రాంబాబు: డెమొక్రాట్లంతా 9/11 నివాళి సభకు వెళ్లారన్న ప్రచారం నిజం కాదు. ఓటింగ్ లేదనుకునే చాలామంది రాలేదు. ఓటింగ్ ఉండదని తాను మాటివ్వలేదని రిపబ్లికన్ నేత డేవిడ్ లూయిస్ అన్నారు. ఎవరి మాట వాళ్లది.

గోదారోడు: 2023 మార్చి 29 చూడండి. తుపాకీ పర్మిట్ల బిల్లు మీద వీటో. ఆ రోజు 71-46. రిపబ్లికన్లు సరిగ్గా 71 మందే, అంటే ఒక్క ఓటు తక్కువ. ముగ్గురు డెమొక్రాట్లు రాలేదు, కాబట్టి 71 సరిపోయాయి. మీ నోటీసు వాళ్లను లాక్కొచ్చేదా?

కేరీ_శ్రీను: ముగ్గురు రాకపోవడానికీ, సగం మందికి తెలియకపోవడానికీ తేడా లేదా బ్రదర్?

గోదారోడు: అసలు చీకటి ఓటు ఎలా ఉంటుందో నేను చూశాను. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో లైవ్ ఆపేసి, మూజువాణి ఓటుతో రాష్ట్రాన్ని విడగొట్టారు. ఆ రోజు మా నాన్న టీవీ ముందు కూర్చుని రిమోట్ నొక్కుతూనే ఉన్నారు.

వరంగల్ వాసు: వచ్చింది అసలు బాధ! అరవై ఏళ్లు మా వాళ్లు అడిగింది కనిపించలేదు, లైవ్ ఆగింది మాత్రం కనిపించింది.

గోదారోడు: చూశారా, మీకు ఫలితం నచ్చింది కాబట్టి పద్ధతి అక్కర్లేదు.

కేరీ_శ్రీను: నేనూ వరంగలే. ఆ రోజు లైవ్ ఆపడం తప్పే. అయితే నీ లెక్కేంటి? అప్పుడు చెప్పకుండా చేశారని ఏడ్చినవాడివి, ఇప్పుడు చెప్పకుండా చేస్తే భేష్ అంటావా?

నిర్వాహకుడు: ప్రాంతాల గొడవ ఆపండి. ఇంకోసారైతే తాళమే.

గోదారోడు: సరే, సూటిగా చెప్తా. సభలో మెజారిటీ ఉన్న పార్టీ బడ్జెట్‌ను ఒక్క గవర్నర్ ఆపడమే నాకు నచ్చదు. 1996లో సవరణ వచ్చేదాకా అక్కడి గవర్నర్‌కు వీటోనే లేదు. ఏమైనా కొంప మునిగిందా?

కేరీ_శ్రీను: ఇదీ సంగతి! ఇంతసేపూ హాజరు పట్టిక పట్టుకుని వేలాడావు. నీకు వీటో అంటేనే పడదు. ఆ సవరణకు ఓటేసింది జనమే. 120 మందిలో 55 అంటే సగం కూడా కాదు. అయిదింట మూడొంతులు పెట్టింది దాన్ని దాటడం కష్టం కావాలనే.

గోదారోడు: కష్టం కావాలి, అసాధ్యం కాకూడదు.

రాలీ రాంబాబు: ఇంతా చేస్తే ఎగువ సభ సెనేట్ దాన్ని ఓటుకే పెట్టలేదు. వాళ్లకు ఒక ఓటు తక్కువ. ఆ బడ్జెట్ అమల్లోకి రాలేదు.

సుజాత_మోరిస్‌విల్: మా సభ్యుడు ఎటు వేశాడో ఎక్కడ చూడాలి?

రాలీ రాంబాబు: శాసనసభ సైట్‌లో బిల్లు నంబర్ కొట్టండి. ఓట్ల పట్టికలో అవును, కాదు, ఓటెయ్యలేదు, అనుమతితో గైర్హాజరు అని విడివిడిగా పేర్లుంటాయి. ఎందుకు రాలేదో మాత్రం ఉండదు.

కేరీ_శ్రీను: ఆ చివరిదే నా బాధ.

గోదారోడు: అది ఆయన్నే ఫోన్ చేసి అడుగు, స్పీకర్‌ని కాదు.