అజంప్షన్ ప్రశ్నలో చివరి రెండు ఆప్షన్ల దగ్గర ప్రతిసారీ తప్పుతున్నాను

ప్రశ్న:
వాదన పైకి చెప్పకుండానే నిజమనుకుని ఆధారపడే విషయాన్ని (అజంప్షన్) ఆప్షన్లలోంచి ఎంచుకోవాలి కదా. నిన్న చేసిన ప్రశ్న ఇది: "కొత్త సిగ్నల్ పెట్టాక ఆ కూడలిలో ప్రమాదాలు తగ్గాయి. కాబట్టి సిగ్నల్ వల్లే తగ్గాయి." నేను "సిగ్నల్ ఎక్కడ పెట్టినా ప్రమాదాలు తగ్గుతాయి" అన్నది ఎంచుకున్నాను. ఎందుకు తప్పండీ?

జవాబు:
వాదన ఆ ఒక్క కూడలి గురించే. మీరు ఊళ్లన్నిటికీ వెళ్లిపోయారు. ఆప్షన్‌ని తిరగేసి, అంటే వ్యతిరేకంగా మార్చి చూడండి: "కొన్నిచోట్ల సిగ్నల్ పెట్టినా తగ్గవు." వాదనకేమైనా అయిందా? లేదు. ఇప్పుడు "అదే సమయంలో అక్కడ వాహనాల రద్దీ తగ్గలేదు" అన్న ఆప్షన్‌ని తిరగేయండి. రద్దీయే సగానికి పడిపోయిందంటే సిగ్నల్ వల్లే అని ఇక ఎలా అంటాం?

ఇంకో జవాబు:
తిరగేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. "అన్నీ" అన్నదానికి వ్యతిరేకం "ఏదీ కాదు" అనుకోకండి, "కొన్ని కావు" అంతే. నేను నెలల తరబడి మార్కులు పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

అడిగినవారు:
అయితే "పక్క కూడలిలోనూ సిగ్నల్ పెట్టాకే తగ్గాయి" అన్నదీ అందుకే తప్పా?

జవాబు:
అవును. అది వాదనకు బలం ఇస్తుంది, నిజమే. కానీ అది లేకపోయినా వాదన పడిపోదు. అజంప్షన్ అంటే తీసేస్తే పడిపోవాలి.