ప్రహరీ గోడ పక్కన వెదురు: ఏ రకం, ఎంత దూరం?

ప్రశ్న (ఉప్పల్_పెరడు)

హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ ఇల్లు. పడమటి ప్రహరీ వెంట 20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మట్టి స్థలం ఉంది. పక్కింటి మేడ మీంచి మా వరండా కనపడకుండా వెదురు వేద్దామనుకుంటున్నాం. నర్సరీలో పసుపు బొంగు మీద ఆకుపచ్చ చారలున్న రకం చూపించారు. స్థలానికి ఒక చివర నీళ్ల సంపు ఉంది. వేర్లు గోడనూ సంపునూ పాడుచేస్తాయా? ఎన్ని మొక్కలు పడతాయి? తర్వాత కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలా?

జవాబు 1 (వెదురుపొద)

ముందు ఆ మొక్క ఏదో తేల్చుకోండి. పసుపు మీద ఆకుపచ్చ చారలు రెండు రకాలకుంటాయి, నర్సరీల్లో రెంటినీ ‘ఎల్లో బాంబూ’ అనే అమ్ముతారు. ఒకటి బంబూసా వల్గారిస్ ‘విట్టాటా’. బొంగు మూడు నాలుగు అంగుళాల లావు, ఎత్తు 30 నుంచి 50 అడుగులు. పార్కులకూ తోటలకూ అందమే కానీ 3 అడుగుల పట్టీలో అస్సలు వద్దు. రెండోది బంబూసా మల్టిప్లెక్స్ ‘ఆల్ఫాన్స్ కార్’. వేలి లావు బొంగులు, 10 నుంచి 20 అడుగుల ఎత్తు, కంచెలా కత్తిరించినా ఓర్చుకుంటుంది. మీకు కావలసింది ఇదే.

గుర్తుపట్టడం కష్టం కాదు. విట్టాటాను బొంగు ముక్కలు పాతి పెంచుతారు కాబట్టి సంచిలో లావాటి నరికిన ముక్క, దాని గణుపు నుంచి వచ్చిన కొమ్మలు కనిపిస్తాయి. మల్టిప్లెక్స్‌ను పొద చీల్చి నాటుతారు, అందుకని మొదలు దగ్గరే పెన్సిల్ లావు కాడలు గుంపుగా ఉంటాయి, ప్రతి గణుపు దగ్గరా సన్నని కొమ్మలు కుచ్చులా వస్తాయి.

ఈ రెండూ పొదగా పెరిగేవే, భూమిలో దూరంగా పాకవు. పాకే రకాలు వేరు (ఫిలోస్టాకిస్ జాతి). వాటి బొంగుకు కొమ్మలు మొలిచే వైపు గణుపు గణుపుకీ మధ్య పొడవునా గాడి ఉంటుంది. ఆ గాడి కనిపిస్తే కొనకండి. ఇక సీసాల్లో నీళ్లలో పెట్టే ‘లక్కీ బాంబూ’ వెదురే కాదు, డ్రసీనా.

అనుమతి సంగతి: 2017లో కేంద్ర అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. ఇంట్లో పెంచిన వెదురు కొట్టడానికి ఆ చట్టం కింద అనుమతి అక్కర్లేదు.

జవాబు 2 (నల్లరేగడి)

మల్టిప్లెక్స్ అయితే మొక్కకీ మొక్కకీ 2.5 నుంచి 3 అడుగులు. సంపు వైపు 6 అడుగులు వదిలేయండి, మిగిలిన 14 అడుగుల్లో 5 మొక్కలు చాలు. గోడకు ఆనించకుండా పట్టీ నడిమిన, అంటే గోడకు అడుగున్నర దూరంలో నాటండి.

నగరంలో ప్రహరీ పక్క మట్టి చాలాసార్లు మట్టి కాదు, కట్టుబడి చెత్త. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉంటే ఆ సున్నం వల్ల ఇనుము మొక్కకు అందదు. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా వస్తాయి. ఎంత ఎరువేసినా మారదు. గుంత 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తీసి, ఆ చెత్తను పారేసి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుంతకు 250 గ్రాముల వేప పిండి కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి. సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టాలి, దుంపను (బొంగులు మొలిచే, భూమిలోని లావాటి భాగాన్ని) ఇంకా లోపలికి పూడ్చొద్దు. నల్లరేగడి అయితే నీరు నిలవకుండా అరడుగు ఎత్తు కట్ట మీద నాటండి.

తొలకరిలో నాటితే ఆ ఏడాదే వేరు పట్టుకుంటుంది. వాన లేని రోజుల్లో రోజు మార్చి రోజు మొక్కకు 10 లీటర్లు పోయండి. దాహం ఆకులోనే తెలుస్తుంది. మధ్యాహ్నం గొట్టంలా చుట్టుకుని సాయంత్రానికి విప్పుకుంటే అది ఎండ వేడి. తెల్లవారి కూడా చుట్టుకునే ఉంటే నీళ్లు చాలట్లేదు.

జవాబు 3 (వెదురుపొద)

వేర్ల గురించి. వెదురుకు తల్లివేరు ఉండదు, పీచువేర్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలోనే. గట్టి కాంక్రీటును చీల్చవు కానీ సంపుకు బీట ఉంటే తడి వెతుక్కుంటూ దూరతాయి. గోడకు అసలు ఇబ్బంది ఏళ్లు గడిచాక లావెక్కే దుంపల ఒత్తిడి. అందుకే ఏటా వేసవి చివర, కొత్త కొమ్ములు (భూమిలోంచి వచ్చే మొలకలు) రాకముందు, గోడ వైపు పదునైన పారతో అడుగు లోతు గాడి తీసి, అటు వచ్చిన దుంపలు నరికేయాలి. లేత దుంప పారకు తెగుతుంది. మూడేళ్లు వదిలేస్తే గునపం, గొడ్డలి కావాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. వెదురు బొంగు మామిడి మానులా ఏటేటా లావెక్కదు. వానాకాలంలో పుట్టిన కొమ్ము ఏ లావున భూమి చీల్చుకు వచ్చిందో జీవితాంతం అదే లావు, ఒక్క సీజన్‌లోనే పూర్తి ఎత్తు. మొదటి ఏడాది సన్నగా వచ్చాయని దిగులు పడొద్దు, మరుసటి ఏడు వచ్చేవి లావుగా వస్తాయి. ఎత్తు చాలనుకున్న చోట తల నరికితే అది ఇక పైకి పెరగదు, పక్క కొమ్మలు దట్టమవుతాయి. అడ్డు కావాలి కాబట్టి కింది కొమ్మలు తీయొద్దు.

మూడో ఏడు నుంచి, నవంబరు–ఫిబ్రవరి మధ్య, ముసలి బొంగులు తీస్తూ ఉండాలి. మొదటి ఏటి బొంగుకు పొరలు అంటుకునే ఉంటాయి, మీద తెల్లని బూడిదలాంటి పొడి ఉంటుంది. మూడేళ్లది రంగు వెలిసి, తెల్లమచ్చలు పడి ఉంటుంది. నేలకు దగ్గరగా గణుపుకు సరిగ్గా పైన రంపంతో కోయండి. గణుపు పైన గొట్టం మిగిల్తే వాననీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ దోమకు ఆ పాటి నీళ్లు చాలు.

జవాబు 4 (హ్యూస్టన్_తోట)

అమెరికాలో ఇది చదివేవాళ్లకు: చలి రాష్ట్రాల్లో ఎక్కువగా అమ్మేవి పాకే రకాలే. కనెటికట్‌లోనైతే పక్కవాళ్ల స్థలానికి 40 అడుగుల లోపు వాటిని నేలలో ఊరికే నాటడం చట్టవిరుద్ధం. హ్యూస్టన్ వేడికి మల్టిప్లెక్స్ హాయిగా పెరుగుతుంది. చలి ఎక్కువైన చోట ఫార్జీసియా జాతి వెదురు తీసుకోండి, అదీ పొదే, కాకపోతే మండే ఎండ పడదు.

ఉప్పల్_పెరడు

చాలా సంతోషమండి. ఆల్ఫాన్స్ కారే తీసుకుంటాం. ఆకు రాలడం, పురుగుల సంగతి కూడా చెప్పరూ?

జవాబు 5 (నల్లరేగడి)

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పాత ఆకు పసుపై రాలడం సహజం, కొమ్మ చివర కొత్త ఆకు వస్తుంటే చాలు. రాలిన ఆకు ఊడ్చేయకుండా మొక్క మొదలు చుట్టూ పరచండి, సిలికా తిరిగి మట్టికి చేరుతుంది, తడీ నిలుస్తుంది. దాని మీద జూన్‌లోనూ సెప్టెంబరులోనూ మొక్కకు రెండు కిలోల వర్మీకంపోస్ట్.

చీమలు బొంగెక్కుతుంటే గణుపు దగ్గరి పొర విప్పి చూడండి, లోపల తెల్లని పిండినల్లి ఉంటుంది. దాని జిగురు మీదే ఆకులకు నల్లని మసి పడుతుంది. ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట, వారానికోసారి మూడు వారాలు పిచికారీ చేయండి. మందు ఆ పొరల లోపలికి వెళ్లాలి, పైపైన ఆకు తడిపితే లాభం లేదు.