రజాకార్ల కాలం మీద ఊరి చరిత్ర: పెద్దమనుషుల మాటలు కలుస్తలేవు, ఎట్ల?

మూసీ ఒడ్డు
చిట్యాల దిక్కు మా ఊరి చరిత్ర రాస్తున్నం. బురుజు మీద కాపలా, ఇండ్లు తగలబెట్టుడు, మనుషులను పట్టుకపోవుడు అందరూ చెప్తున్నరు. కాల్చింది రజాకార్లని ఒకరు, కాదు మిలిటరీ అని ఇంకొకరు. ఏ ఏడో ఎవరికీ తెల్వదు. కాయితాలు ఏమన్నా దొరుకుతయా?

పాత పహాణీ
తమ్మీ, ముందు కాలం తేల్చుకో. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చిచంపిన నాటి నుంచి 1951 అక్టోబరుల తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా ఐదేండ్లు. నడుమ 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్, అంటే భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యం మీదికి వచ్చుడు. దానికి ముందు ఊర్ల మీద పడ్డది దొరల గూండాలు, నిజాం పోలీసులు, రజాకార్లు. తర్వాత కమ్యూనిస్టు దళాల కోసం ఊర్లు గాలించింది యూనియన్ సైన్యం, పోలీసులు. ముసలోళ్ల యాదిల ఈ రెండూ కలిసిపోతయి. ఇద్దరూ తుపాకులతోనే వచ్చిండ్రు, ఇద్దరూ దళం ఎక్కడుందనే అడిగిండ్రు.

‘ఏ సంవత్సరం’ అని అడగకు. గాంధీని చంపిన కబురు వచ్చినాకనా, ముందా? చేన్ల జొన్న ఏ ఎత్తున ఉండె? అప్పటికి పెద్దక్క పెండ్లి అయిందా? ఇట్ల అడుగు. ఒక్కొక్కరిని విడిగా కూసోబెట్టాలె. నలుగురి నడుమ అడిగితే గట్టిగ మాట్లాడేటాయన చెప్పిందే అందరి మాట అయితది. చూసింది వేరే, విన్నది వేరే రాయి. 1938 తర్వాత పుట్టినోళ్లు చెప్పేది ఎక్కువ శాతం విన్న మాటనే.

గవిని కాడ
బురుజు సంగతి నేను చెప్త. పైన రాళ్ల కుప్ప, వడిసెలలు, బర్మారు తుపాకులు. కింద గుత్పలు, కారప్పొడి. కాపలా మనిషి దూరంగ దుమ్ము లేచుడు చూసి నగారా కొడితే ఊరంతా కదలాలె. బర్మారును మూతి దిక్కు నుంచి దట్టాలె: మందు, పీలిక, గుండు. ఒక్కసారి పేల్చినాక మళ్ల మొదటి నుంచి. అందుకే ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు దట్టాలె. వానల మందు తడిస్తే అంతే సంగతి.

కట్టెలు, కత్తులతోటి వచ్చిన గుంపును ఇది ఆపుతది. రైఫిళ్లున్న బలగం వస్తే అదే బురుజు బోను అయితది: ఎక్కినోళ్లకు దిగే తొవ్వ ఒక్కటే. బైరాన్‌పల్లి అంతకుముందు దాడులను తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లతోపాటు నిజాం బలగాలు వచ్చి పడ్డయి, బురుజు ఆగలేదు. చనిపోయినోళ్ల లెక్క ఒక్కోచోట ఒక్కోతీరు కనబడ్తది. అందుకే మీ ఊర్ల అంకె కాదు, పేర్లు రాయుండ్రి: ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు.

ఇంకో మాట. మీ బురుజుకు సిమెంటు పూయనియ్యకుండ్రి. గుండ్ల దెబ్బలు, తుపాకీ పెట్టే రంధ్రాలు పూడిపోతయి. పక్కన కొలత టేపు పెట్టి ముందే ఫోటోలు తియ్యుండ్రి.

తార్నాక రికార్డు
కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. నిజాం కాలపు దస్త్రాలు ఎక్కువగా ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అచ్చు ఉర్దూ మాత్రమే వచ్చిన వారికి అవి అందవు, పాత రాత చదివే మనిషిని వెంట తీసుకెళ్లండి. తేదీలు ఫసలీలో, అంటే నిజాం కాలపు సర్కారీ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది, కాబట్టి మీకు కావాల్సింది 1357 ఫసలీ, అంటే 1947 అక్టోబరు నుంచి ఏడాది. చాలామంది ఫసలీ అంకెకు 590 కలిపి అన్నిటికీ 1947 అని రాసేస్తారు. జనవరి తర్వాతి నెలలకు 591 కలపాలి. జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లా తాలూకా, అటు ఊళ్ల కోసం వరంగల్ దస్త్రాలొక్కటే వెతికితే దొరకవు.

మూసీ ఒడ్డు
దళం చంపిన పటేలు ముచ్చట కూడా వస్తున్నది. రాయాల్నా?

పాత పహాణీ
రాయాలె. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరిడిచిపోయిన ముస్లిం కుటుంబాలవి కూడా రాయాలె. వాళ్ల పేర్లు యాదికి రాకుంటే 1954–55 ఖాస్రా పహాణీల (ఊరి భూముల రికార్డు) పట్టాదారు పేరు, సాగు చేస్తున్నోళ్ల పేరు పక్కపక్కన పెట్టి చూడు, భూమి ఎవరి చేతి నుంచి ఎవరికి పోయిందో కొంతన్న తెలుస్తది. ఆడోళ్ల మీద జరిగినవి మాత్రం ఆడోళ్లతోనే అడిగించు, వద్దంటే రికార్డు ఆపెయ్. కాల్చినోళ్ల మనుమలు ఇప్పుడు అదే ఊర్ల ఉంటరు, ఒక్కరి నోటిమాటతోటి ఎవరి ఇంటిపేరూ అచ్చెయ్యకు.