పాత పట్టుచీర మీద పసుపు మరక: మగ్గం వర్క్‌తో కప్పాలా, అలాగే వదిలేయాలా?

మారతహళ్లి కోడలు
బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ల సలహా కావాలి. మా అత్తగారి పెళ్లినాటి ధర్మవరం చీర, గంధం రంగు, మెరూన్ అంచు. మా గృహప్రవేశానికి కట్టుకుంటే వడ్డనలో బిసిబేళెబాత్ పైట మీద, భుజానికి కాస్త కిందుగా పడింది. డ్రై క్లీనింగ్‌లో జిడ్డు పోయింది, అరచేయంత పసుపు చాయ మిగిలింది. చిక్‌పేటలో చూపిస్తే మగ్గం వర్క్ చేసి కప్పేద్దామన్నారు. మా వదిన సరేనంటోంది. అత్తగారేమో "పాత చీరకి సూది తగలనివ్వద్దు, మరకుంటే ఉండనీ" అంటున్నారు. మీరేమంటారు?

మల్లేశ్వరం బొటిక్
కప్పించండి. పట్టుచీర ఉన్నది కట్టుకోవడానికి. అయితే మరక మీద ఒక్క పెద్ద పువ్వు కుట్టించి వదిలేయొద్దు. ఒంటరి పువ్వు కనిపిస్తే దాని కింద ఏదో ఉందని చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. భుజం నుంచి నడుము దాకా వాలుగా, అక్కడొకటి ఇక్కడొకటి బుటాలు, అంటే చిన్న పువ్వుల్లాంటివి, రావాలి. మరక మీద పడేది వాటన్నిట్లో పెద్దది కాకూడదు. ఇంకో మాట, మరకని పూర్తిగా మూయనక్కర్లేదు. దాని అంచు ఎక్కడుందో కంటికి దొరక్కపోతే చాలు, మధ్యలో ఉన్న లేత పసుపు గంధం రంగులో కలిసిపోతుంది. డిజైన్ మీ అంచులోంచే తీసుకోండి. అందులో మామిడిపిందె ఉంటే మామిడిపిందే, అదే మెరూన్ దారంతో.

ధర్మవరం మగ్గం
నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అత్తగారి మాటే సరైనదనిపిస్తోంది. మగ్గం వర్క్ అంటే చీరని చెక్క చట్రానికి బిగించి లాగుతారు. కొత్త పట్టు తట్టుకుంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో మడిచి పెట్టిన చీర మడతల దగ్గర అప్పటికే చీకి ఉంటుంది. ఆ పనికి వాడే ఆరీ సూదికి కొన దగ్గర కొక్కెం ఉంటుంది, దారం బదులు పట్టుపోగు దానికి తగులుకుంటే తెగుతుంది. ఆపైన జర్దోసీ తీగ, రాళ్ల బరువు. పసుపు మరక వల్ల చీర చిరగదు, ఈ బరువు వల్ల చిరుగుతుంది.

కెమిస్ట్రీ మేడమ్
కప్పడమా వదలడమా అని తేల్చుకునే ముందు మరకని పోయినంత పోగొట్టాలి. పసుపులో ఉండే కర్క్యుమిన్ వెలుతురుకి వెలిసిపోతుంది. మిగతా చీరంతా మందపాటి గుడ్డతో కప్పి, మరక ఉన్నంత మేర మాత్రం లేత ఎండలో కాసేపు పెట్టి, మధ్యమధ్యలో చూస్తూ తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే చీర రంగు కూడా వెలుస్తుంది, పట్టు కూడా బలహీనపడుతుంది. సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుంది. అది క్షారం తగిలి రంగు మారడమే, కంగారుపడి రుద్దకండి. బ్లీచ్ జోలికి మాత్రం అసలు పోవద్దు. పట్టు అంటే ప్రొటీనే, క్లోరిన్ బ్లీచ్ దాన్ని తినేస్తుంది.

జిడ్డు పోయిందన్నారు, అయినా ఇంకోసారి చూసుకోండి. మిగిలిపోయిన నూనె గాలికి ముదిరి పసుపుపచ్చగా తేలుతుంది, ఇస్త్రీ వేడికి ఇంకా గట్టిపడుతుంది. తిండి మరకలున్న పట్టునే పురుగు ముందు పడుతుంది. పైన ఎంత అందమైన కుట్టు కుట్టించినా కింద జరిగేది ఆగదు.

కమర్షియల్ స్ట్రీట్ 80
ఇంత చర్చ ఎందుకు, ముదురు రంగు అద్దించేయండి. మెరూన్ మీద మెరూన్, గొడవ ఉండదు.

ధర్మవరం మగ్గం
తమ్ముడూ, పట్టుకి రంగు పట్టాలంటే మరుగుకి దగ్గరగా, 85 డిగ్రీల దాకా వేడి కావాలి. పాత జరీ మెరుపు పోవచ్చు. జిడ్డు మిగిలినచోట రంగు సమానంగా ఎక్కదు, మరక కొత్త రూపంలో మళ్లీ బయటపడుతుంది. అన్నిటికీ మించి, గంధం రంగు పోయాక అది వాళ్ల అత్తగారి చీర ఎలా అవుతుంది?

హుబ్బళ్లి తెలుగమ్మాయి
మగ్గం వర్క్ కాకుండా కసూతి ఉంది కదా, ఎవరూ అనలేదేం? ఇది ధారవాడ వైపు చేతికుట్టు పని, గుడ్డ పోగులు లెక్కపెట్టి కుడతారు. అందులో గవంతి అనే కుట్టు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే దారం, ముడి వేయరు, రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. రాళ్లుండవు, బరువుండదు. తులసికోట, గోపురం, రథం అన్నీ గీతలతోనే వస్తాయి. పట్టు మీద పోగులు లెక్కపెట్టడం కష్టం కాబట్టి పైన పలచని కాన్వాస్ గుడ్డ వేసి కుట్టి, తర్వాత దాని పోగులు లాగేస్తారు.

ధర్మవరం మగ్గం
ఇదైతే ఒప్పుకుంటాను, కానీ కాన్వాస్ పోగులు ఒక్కొక్కటిగా లాగాలి. అంతకంటే ముందు నడుములో దోపే చెంగు చివర సన్న సూది గుచ్చి తీసి, వేలితో సున్నితంగా రుద్ది వెలుతురుకి పట్టి చూడండి. కన్నం మూసుకుంటే పట్టులో సత్తువ ఉన్నట్టు. తెరుచుకునే ఉన్నా, పోగు చిట్లినా ఏ కుట్టూ వద్దు, మరకతోనే ఉంచండి.

జయనగర్ పెద్దమ్మ
పైట సన్నగా మడతలు పెట్టి పిన్ను పెడితే మరక లోపలి మడతలోకి పోతుంది కదమ్మా. పైసా ఖర్చు లేదు.

మల్లేశ్వరం బొటిక్
పెద్దమ్మా, ఒక పూటకి బాగానే ఉంటుంది. కట్టిన ప్రతిసారీ పైట జారుతుందేమోనని చూసుకుంటూ కూర్చుంటే ఆ చీర మెల్లగా బీరువాలోకే పోతుంది. అలా లోపలే ఉండి మడతల మీద చిరిగిన పట్టుచీరలు నా దగ్గరికి చాలా వస్తాయి. అందుకే కప్పించమంటున్నాను. కసూతి అయినా నాకు సమ్మతమే.

మారతహళ్లి కోడలు
సూది గుచ్చి చూశాం, కన్నం మూసుకుంది. అత్తగారు పక్కనే ఉండి చూసి, రాళ్లూ జర్దోసీ లేకుండా మెరూన్ దారంతో మాత్రమైతే సరేనన్నారు. ముందు ఎండలో పెట్టి, మిగిలిన చాయని బట్టి కసూతి కుట్టిస్తాను. తులసికోట అడిగారు ఆవిడ.

హుబ్బళ్లి తెలుగమ్మాయి
అయితే అక్కా, బల్ల మీద పరిచి గుర్తు పెట్టించొద్దు. పైట ఒంటి మీద ఏటవాలుగా వస్తుంది, బల్ల మీద నిటారుగా కనిపించిన తులసికోట కట్టుకున్నాక పక్కకి ఒరిగిపోతుంది. చీర కట్టుకుని, అద్దం ముందు నిలబడి, కోట నిటారుగా ఎక్కడ రావాలో తెల్లదారంతో వదులుగా రెండు టాకాలు వేయించుకుని అప్పుడు ఇవ్వండి. పెన్సిల్ గానీ పెన్ను గానీ వాడనివ్వద్దు.