మూడు నోడ్ల కాసాండ్రాలో డిస్కు నిండుతోంది: ఆర్‌ఎఫ్ (డేటా కాపీల సంఖ్య) 3 నుంచి 2కి దించొచ్చా?

డేటాగుట్ట: మూడు నోడ్లు (సర్వర్లు), ఒక్కోదానికి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. డేటాబేస్ కాసాండ్రా 4.1, రీడ్లూ రైట్లూ లోకల్ కోరం (ఒకే డేటాసెంటర్‌లోని కాపీల్లో సగానికి మించి జవాబివ్వాలి). డిస్కులో చూస్తే నోడ్‌కి 780 జీబీ నిండింది. కొత్త డిస్కులకు బడ్జెట్ లేదు. ఆర్‌ఎఫ్ 2 చేస్తే మూడో వంతు ఖాళీ అవుతుంది కదా?

కోరం కాపలా: ఖాళీ అవుతుంది, కానీ వద్దు. 3 కాపీలకు కోరం 2. 2 కాపీలకూ కోరం 2నే. ఇవాళ ఒక నోడ్ పడినా పని నడుస్తోంది. ఆర్‌ఎఫ్ 2లో ప్రతి నోడ్ దగ్గరా మూడింట రెండు వంతుల పార్టిషన్లు (డేటా ముక్కలు) ఉంటాయి. ఒక్కదాన్ని రీస్టార్ట్ చేస్తే చాలు, ఆ రెండు వంతులకూ అన్‌అవైలబుల్ ఎర్రరే.

గోదారి డీబీఏ: అన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యకండి. ఆర్‌ఎఫ్ ఒక్కో కీస్పేస్‌కి (టేబుళ్ల గుంపుకి) విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆర్డర్లు, చెల్లింపులు 3లోనే ఉండనివ్వండి. క్లిక్ లాగుల్లాంటివి 2 చేసి, కన్సిస్టెన్సీ ఒన్‌లో (ఒక్క కాపీ జవాబిస్తే చాలనే పద్ధతిలో) చదవండి. అక్కడ కాస్త పాత విలువ కనబడితే కొంపలేం మునగవు.

కోరం కాపలా: అలాగైనా వరస తప్పకూడదు. ముందు ఫుల్ రిపేర్ (కాపీలన్నిటినీ ఒకేలా చేయడం), తర్వాతే ఆల్టర్ కీస్పేస్ (ఆర్‌ఎఫ్ మార్చే ఆదేశం), చివర్న ప్రతి నోడ్‌లో నోడ్‌టూల్ క్లీనప్ (ఆ నోడ్‌కి ఇక చెందని డేటాని తీసేసే ఆదేశం). రిపేర్ ఎందుకంటే, కోరం రైట్ రెండు కాపీలకు చేరితే చాలు, సక్సెస్ చెప్పేస్తుంది. ఆ రెండిట్లో ఒకటి తీసేస్తే మిగిలిన జంటలో ఒకదాని దగ్గర ఆ రైట్ ఉండకపోవచ్చు. ఒన్‌తో చదివితే అది బయటపడుతుంది.

అసలు ఇరుకు క్లీనప్‌లో ఉంది. అది ఎస్‌ఎస్‌టేబుల్‌ని (డిస్కులోని డేటా ఫైల్‌ని) తిరగరాస్తుంది, పాతదీ కొత్తదీ కాసేపు పక్కపక్కనే ఉంటాయి. సైజ్‌టియర్డ్ కంపాక్షన్‌లో (ఒకే సైజు ఫైళ్లను కలిపి పెద్దవి చేసే పద్ధతిలో) 400 జీబీ ఫైల్ ఒకటి ఉంటే దాని కొత్త రూపమే 260 దాటుతుంది. మీకున్న ఖాళీ 220.

డేటాగుట్ట: మరి ముందు ఏం చెయ్యాలి?

గోదారి డీబీఏ: నోడ్‌టూల్ లిస్ట్‌స్నాప్‌షాట్స్ కొట్టండి. ట్రంకేట్ (టేబుల్ ఖాళీ చేయడం), డ్రాప్ (టేబుల్ తీసేయడం) చేసినప్పుడల్లా పాత ఫైళ్లతో ఆటో స్నాప్‌షాట్ మిగులుతుంది. నోడ్‌టూల్ స్టేటస్‌లోని లోడ్ (డేటా పరిమాణం) దాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే డిస్కు నిండినట్టుంటుంది, లోడ్ మాత్రం తక్కువ చూపిస్తుంది. అక్కర్లేనివి క్లియర్‌స్నాప్‌షాట్‌తో తీసేయండి. తర్వాత చిన్న టేబుల్ నుంచి మొదలుపెట్టి ఎల్‌జెడ్4 బదులు జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ పెట్టండి. ఈ మార్పు కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది. పాతవాటికి అప్‌గ్రేడ్‌ఎస్‌ఎస్‌టేబుల్స్ -ఏ నడపాలి, దానికీ తాత్కాలిక జాగా కావాలి.

కోరం కాపలా: ఇది ఒప్పుకుంటాను. లాగుల విషయంలో మాత్రం నా మాట అదే. కాపీ తగ్గిస్తే ఖాళీ అయ్యేది మూడో వంతు, 90 రోజుల టీటీఎల్ (డేటా తనంతట తానే పోయే గడువు) 45 చేస్తే సగం. టైమ్‌విండో కంపాక్షన్ (కాలం వారీగా ఫైళ్లు విడగొట్టే పద్ధతి) ఉంటే గడువు తీరిన ఫైల్ మొత్తంగా పోతుంది, తిరగరాత ఉండదు.

గోదారి డీబీఏ: డీఫాల్ట్ టీటీఎల్ మార్పు కొత్త రైట్లకే. ఇప్పటికే పడిన వరసలు తమ 90 రోజులూ ఉండే పోతాయి. అన్నాళ్లు డిస్కు ఆగుతుందా? ఆగకపోతే ఆర్‌ఎఫ్ 2 తప్పదు.

కోరం కాపలా: స్నాప్‌షాట్లు తీశాక చూద్దాం. ఒకటి మాత్రం చెయ్యకండి: టూంబ్‌స్టోన్లు (డిలీట్ గుర్తులు) త్వరగా పోతాయని జీసీ గ్రేస్‌ని (ఆ గుర్తుల్ని ఉంచే కనీస గడువుని) 10 రోజుల నుంచి 1కి దించడం. రోజులోపు రిపేర్ పూర్తికాకపోతే, డిలీట్ చేసిన వరసలు మళ్లీ లేచి కూర్చుంటాయి.