38 రోజులు పొదుగు మీద కూర్చుని లేచిన నాటుపెట్ట బాగా చిక్కిపోయింది, కోలుకునే దారి చెప్పగలరు

పెరటిగంప, కొండపి:
అందరికీ నమస్కారం. మా పెరట్లోని ఆరు నాటుకోళ్ళలో ఒక నల్లపెట్ట రోహిణి కార్తె ముందు పొదుగుకు కూర్చుంది. ఆ ఎండలకు గుడ్లు నిలవవని మా అత్తగారు వారించినా, దాని ఆరాటం చూడలేక 11 గుడ్లు పెట్టాను. 21 రోజులు దాటినా ఒక్క పిల్ల కూడా కాలేదు, గుడ్లన్నీ మురిగిపోయాయి. వాటిని తీసి పారవేసినా అది ఉత్త గంపలోనే మరో 17 రోజులు కూర్చుని, రోజుకు ఒక్కసారి లేచి నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, మళ్ళీ గంపలోకే వెళ్ళింది. మొన్న దానంతట అదే బయటకు వచ్చింది గానీ నడకలో తూలుడు కనిపిస్తున్నది. తురాయి పాలిపోయి ముడుచుకుంది, రొమ్ము మీద ఈకలు లేవు, చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతున్నది. పొదుగుకు ముందు 1 కిలో 400 గ్రాములు ఉన్నది ఇప్పుడు 1 కిలో 50 గ్రాములకు వచ్చింది. దీనికి ఏమి పెట్టాలి, ఎంత పెట్టాలి? గంపలో పురుగు చేరకుండా బేరన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) దగ్గరి పొగాకు పరచమని పక్కింటివారు చెబుతున్నారు, అది మంచిదేనా? ఇది మా పెద్దమ్మాయి చేతిలో పెరిగిన పెట్ట కాబట్టి దీనిని పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు.

కావలి పల్లె రైతు:
అమ్మా, తొందరపడి ఒకేసారి కడుపునిండా గింజలు పోయవద్దు. ఇన్నాళ్ళు అరకడుపుతో ఉన్న పక్షి ఆత్రంగా ఎండు గింజలు మింగితే, మెడ కింద తిండి నిలిచే సంచి గట్టిపడి మరింత ఇబ్బంది పడుతుంది. మా ఇంట్లో ఇలాంటి పెట్టకు మొదటి మూడు నాలుగు రోజులు మెత్తగా ఉడికించి చల్లార్చిన నూకలు, సజ్జ సంకటి, ఉడికించి చిదిమిన కోడిగుడ్డు కలిపి, పూటకు గుప్పెడు చొప్పున రోజుకు నాలుగుసార్లు పెడతాము. మొదటి రోజు నీళ్ళలో చిటికెడు ఉప్పు, కొద్దిగా బెల్లం కరిగించి ఇస్తాము. ఆ నీళ్ళు ఎండకు త్వరగా పులుస్తాయి కనుక పూటపూటకూ మార్చాలి. నాలుగో రోజు తరువాత వేరుశనగ చెక్క, ఉప్పు లేని ఎండుచేపల పొడి, ఆల్చిప్పల పొడి మొదలుపెట్టవచ్చు. పాత కుండలో ఎండుపేడ, తడిపిన గోనె ముక్కలు పెట్టి రాత్రి చెట్టు కింద బోర్లిస్తే తెల్లవారేసరికి చెదలు చేరతాయి. నేను చూసినంతలో పెట్టలు వాటికంటే ఇష్టంగా తినేది మరొకటి లేదు, అయితే పురుగుమందు చల్లిన చేలగట్ల మీద మాత్రం ఆ కుండ పెట్టకండి. తిండి మిగతా కోళ్ళకు దూరంగా, విడిగా పెట్టండి.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, ఆత్మకూరు:
పైన చెప్పిన మెత్తని తిండి సరైనదే. అయితే దానికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఈ సాయంత్రమే పెట్టను ఒడిలో తిప్పి పడుకోబెట్టి, తోక కింద, రెక్కల కింద ఈకలను విడదీసి చూడండి. పొదుగు మీద ఉన్న పెట్ట మట్టిలో పొర్లాడదు, ఈకలు దులుపుకోదు. కదలకుండా వెచ్చగా కూర్చున్న ఒంటి మీద పేలు ఎంత వేగంగా పెరుగుతాయో చూసినవారికే తెలుస్తుంది. ఈకల మొదళ్ళలో తెల్లగా గుత్తులుగా అంటుకున్నవి వాటి గుడ్లు. ఎర్రని సన్న పురుగులైతే పగలు గంప సందుల్లో దాక్కుని రాత్రిపూట రక్తం తాగుతాయి. తురాయి పాలిపోవడానికి ఆకలి ఒక్కటే కారణమని అనుకోవద్దు. రక్తం తాగే పురుగు ఒంటి మీద ఉండగా ఎంత మంచి దాణా పెట్టినా నష్టపోయేది పెట్టే.

పేలు కనిపిస్తే పశువైద్యశాలలో అడిగి, కోళ్ళకు వాడదగిన పొడిని చెప్పిన మోతాదులో చల్లండి. మందు తగిలినా పేల గుడ్లు చావవు కనుక 10 రోజులకు మళ్ళీ చల్లాలి. గంపలోని గడ్డిని కాల్చివేయండి. చల్లారిన కట్టెబూడిదను జల్లెడపట్టి పొడి ఇసుకతో కలిపి నీడపట్టున పోస్తే పెట్ట తనంతట తానే పొర్లాడుతుంది. తడిసిన బూడిద చర్మాన్ని కాలుస్తుంది, అందువల్ల వాన పడితే మార్చాలి.

పొగాకు మీ ప్రాంతంలో తేలికగా దొరికే వస్తువే, పూర్వం పెద్దలు గంపల్లో వేసిన మాట కూడా నిజమే. అయితే అందులోని నికోటిన్ పేలకే కాదు, కోడికీ విషమే. చిక్కిపోయి, రొమ్ము మీద ఈకలు లేని పక్షిని దాని మీద కూర్చోబెట్టడం ప్రమాదం. ఎండిన వేపాకు చాలు.

ఆల్చిప్పల పొడి విషయంలో మాత్రం కావలి రైతుగారి మాటను కొద్దిగా సవరిస్తాను. గుడ్లు పెట్టని పెట్టకు సున్నం ఎక్కువైతే మూత్రపిండాలకు భారం. దాణాలో కలపకుండా విడిగా చిప్పలో ఉంచండి, అవసరమైతే అదే తింటుంది. ఇప్పుడు దీనికి కావలసినది మాంసకృత్తులు. ఊడిన ఈక మళ్ళీ రావాలన్నా, రొమ్ము కండ నిండాలన్నా అవే ఆధారం. చెక్క వాడితే వాసన చూసి, బూజు ఛాయ ఏమాత్రం ఉన్నా పారవేయండి, ఆ బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నులిపురుగుల మందు ఒక వారం ఆగి, బరువు తూచి, వైద్యుని సలహాతో వేయించండి. రెట్ట ఆకుపచ్చగా ఉన్నా, మెడ వంకర తిరిగినా, గురక వినిపించినా అది పొదుగు నీరసం కాదు, కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు. వెంటనే వేరుచేసి పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.

పెరటిగంప, కొండపి:
మీరు చెప్పినట్టే చూశాను, తోక కింద పేల గుడ్లు గుత్తులుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ వైపు చూడలేదని ఎంతో బాధ కలిగింది. పొడి తెచ్చి చల్లాము, గంప గడ్డి తగులబెట్టాము. మూడు రోజుల నుంచి మెత్తని తిండి బాగా తింటున్నది. ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. గుంపులోకి వదిలితే మిగతా పెట్టలు తల మీద పొడుస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం ఇది మళ్ళీ వెళ్ళి ఆ మూలనే కూర్చుంది. పొదుగు మాన్పించడానికి నీళ్ళలో ముంచమని ఒకరు, ముక్కులో ఈక గుచ్చమని మరొకరు అంటున్నారు.

ఇందుకూరుపేట కోళ్ళపెంపకం:
ఆ రెండూ చేయకండి, అక్కా. 350 గ్రాముల బరువు కోల్పోయిన జీవిని నీళ్ళలో ముంచితే చలికి నీరసం పెరుగుతుంది. ముక్కు పొడిస్తే పుండు పడుతుంది, తిండి మానుతుంది. రొమ్ముకు వెచ్చదనం తగులుతున్నంతకాలం పొదుగు కోరిక పుట్టించే ప్రొలాక్టిన్ అనే స్రావం తగ్గదు. కింద గాలి ఆడేలా ఇటుకల మీద ఎత్తిన తీగజాలీ పంజరంలో, గడ్డి వేయకుండా, తిండీ నీళ్ళూ లోపలే పెట్టి మూడు నాలుగు రోజులు నీడలో ఉంచండి. ఆ పంజరాన్ని మిగతా కోళ్ళు తిరిగే చోటే పెడితే అవి దీనిని చూస్తూ అలవాటుపడతాయి, మీ మొదటి చిక్కు కూడా సగం తీరుతుంది. తరువాత సాయంత్రం వేళ, అవి గూటికి ఎక్కాక, చీకట్లో వాటి పక్కన వదలండి. తిండి రెండు మూడు చోట్ల పోస్తే పోట్లాట తగ్గుతుంది.

పెరటిగంప, కొండపి:
ఇక్కడ అడిగి నేటికి 24 రోజులు. నాలుగు రోజులు పంజరంలో ఉన్న తరువాత మళ్ళీ మూలకు వెళ్ళలేదు. ఈ ఉదయం తూచితే 1 కిలో 310 గ్రాములు ఉంది. రొమ్ము మీద సన్నని ఈక మొలిచింది, తురాయి అంచున ఎరుపు తిరిగింది. ఇంకా గుడ్డు పెట్టలేదు, ఆ తొందర కూడా మాకు లేదు. పొడి రెండోసారి చల్లాము, మిగతా అయిదింటికీ చల్లాము. నీరసంగా ఉన్నప్పుడు కొక్కెర తెగులు టీకా వేయరాదని పశువైద్యశాలలో చెప్పారు, వచ్చే వారం తీసుకుని రమ్మన్నారు. మా అత్తగారు కొత్త గంప అల్లించారు గానీ, ఎండలు పూర్తిగా తగ్గి కార్తీకం వచ్చేవరకు అందులో ఏ పెట్టకూ గుడ్లు పెట్టబోమని అందరం అనుకున్నాము.